పళ్ళెం అంచు మీద రాజశ్రీ

రాజశ్రీ కింద పడే మనిషి కాదు. శీతాకాలం వానలకి ఆక్లండ్ శివారు టకానినిలో ఇళ్ళ వెనక చెక్క మెట్లన్నీ పాకుడు పట్టి జారుతుంటాయి. భర్త గిరిధర్ పక్కనున్న కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతుంటే, ఆవిడ రెండు చేతులా ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని చకచకా దిగిపోయేది. ఆయన నవ్వి, "నీ కాళ్ళకి విడిగా కళ్ళున్నాయి రాజీ," అనేవాడు. ఆవిడ కాదనేది కాదు.

తెనాలిలో ఏడో ఏట గజ్జె కట్టింది. పధ్నాలుగేళ్ళకే కూచిపూడి తరంగం చేసింది. ఇత్తడి పళ్ళెం అంచుల మీద రెండు పాదాలూ ఆనించి, నెత్తిన నీళ్ళ చెంబు పెట్టుకుని, ఆ పళ్ళేన్ని కాళ్ళతోనే జరుపుకుంటూ స్టేజీ అంతా తిరిగింది. చుక్క ఒలకలేదని చూసినవాళ్ళంతా చెప్పుకున్నారు. గురువుగారు మాత్రం పక్కకి పిలిచి, "మెడ బిగబట్టావమ్మాయ్, నాకు కనపడింది," అన్నారు. చుక్క కూడా ఒలకనప్పుడు మెడ ఎలా ఉంటే ఏమిటని ఆ వయసులో ఆవిడకి ఉక్రోషం వచ్చింది.

పెళ్ళయ్యాక స్టూడెంట్ వీసా మీద న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ వచ్చింది. చదివింది ఒకటి, దొరికిన పని ఒకటి. మనురేవాలో ఒక వృద్ధుల హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరి అక్కడే సెటిల్ అయిపోయింది. హోమ్‌లో అందరికీ ఆవిడ 'రాజ్'. శనివారం పొద్దున మాత్రం అక్కడికి దగ్గర్లోని ఒక కమ్యూనిటీ హాల్లో పన్నెండుమంది పిల్లలకి టీచర్ ఆంటీ. వాళ్ళలో పెద్దది శరణ్య. పదిహేడేళ్ళ పిల్ల. పుట్టి పెరిగింది ఇక్కడే, తెలుగు అర్థమవుతుంది గాని నోటికి ఇంగ్లీషే ముందొస్తుంది. ఎనిమిదేళ్ళుగా రాజశ్రీ దగ్గరే నేర్చుకుంటోంది. అక్టోబరులో సముద్రం ఒడ్డున ఉన్న టౌరంగా ఊళ్ళో తెలుగువాళ్ళు జరుపుకునే దీపావళి కార్యక్రమంలో ఆ పిల్ల చేత తరంగం చేయించాలని రాజశ్రీ ఏడాది ముందే అనుకుంది. తన శిష్యుల్లో పళ్ళెం ఎక్కబోయే మొదటి పిల్ల మరి.

మే నెలలో ఒక శనివారం. చిన్నపిల్లలకి భ్రమరి ఎలా తిరగాలో చూపిస్తూ రాజశ్రీ గిర్రున తిరిగి ఆగింది. ఆవిడ ఆగింది గాని హాలు ఆగలేదు. కిటికీలు, కుర్చీలు, పిల్లల ముఖాలు ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతూనే ఉన్నాయి. ఏదో పట్టుకోబోయి, గోడవార దొంతరగా పేర్చిన ప్లాస్టిక్ కుర్చీల మీద పడింది. పైకి లేవబోతే కడుపులోంచి తన్నుకొచ్చింది. శరణ్యే పరుగెత్తుకొచ్చి, ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని, గిరిధర్‌కి ఫోన్ చేసింది.

చెవి లోపల బ్యాలెన్స్ కబుర్లు మోసే నరానికి ఏదో వైరస్ వల్ల వాపొచ్చిందన్నారు డాక్టర్లు. వినికిడికి ఏమీ కాలేదు, ప్రాణానికి భయం లేదు. కానీ మూడు రోజులు మంచం మీద కళ్ళు తెరిస్తే చాలు, పైకప్పు తిరిగింది. వారం తర్వాత గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్ళగలిగింది. నెలకి గాని పనిలోకి వెళ్ళలేదు. కొన్నాళ్ళు డ్రైవ్ చెయ్యొద్దన్నారు. పనికి రైల్లో రెండు స్టేషన్ల దూరమే అయినా, కదిలే ముందు సీటు దొరకకపోతే ఆవిడ రెండు చేతులా కమ్మీ పట్టుకునేది.

హోమ్‌లో జోన్ అని ఎనభై ఆరేళ్ళ పెద్దావిడ ఉండేది. ఒకసారి పడినప్పటి నుంచి కుర్చీలోంచి లేవాలంటే భయం. రాజశ్రీ ఎన్నోసార్లు ఆవిడ ముందు నిలబడి, "ఏం కాదు జోన్, లే, నేనున్నాను," అని గదమాయించేది. తిరిగి పనిలో చేరిన మూడో రోజు, రాజశ్రీ వరండాలో గోడకి వేళ్ళ చివరలు ఆనించుకుంటూ నడుస్తుంటే జోన్ చూసింది.

"నువ్వూ మాలాగే నడుస్తున్నావు రాజ్," అంది. వెటకారమేమీ లేదు ఆ మాటలో. ఆ రోజు జోన్‌ని లేపేటప్పుడు రాజశ్రీ తొందర పెట్టలేదు.

జూన్ చివర్లో బ్యాలెన్స్ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ దొరికింది. అక్కడి ఫిజియో పేరు మెరె. మావోరీ అమ్మాయి, ముప్ఫై దాటి ఉంటాయి, గట్టిగా నవ్వే మనిషి. మొదట మామూలు నేల మీద పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకోమంది. రాజశ్రీ అర నిమిషం రాయిలా నిలబడింది.

"డాన్స్ చేస్తారా మీరు?" అంది మెరె ఇంగ్లీషులో. "ఈ జబ్బుతో వచ్చినవాళ్ళు ఇంత బాగా నిలబడటం అరుదు. మీ పాదాలు బాగా చదువుకున్నాయి."

రాజశ్రీకి నెల రోజుల తర్వాత కాస్త ఊపిరి తిరిగినట్టయింది. అప్పుడు మెరె బెత్తెడు మందం మెత్తటి స్పాంజి దిమ్మ తెచ్చి కింద పెట్టి, దాని మీద నిలబడి కళ్ళు మూసుకోమంది. మూడు లెక్కపెట్టేలోపు రాజశ్రీ పక్కకి ఒరిగి మెరె చేతుల్లో పడింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ పడింది.

"మనిషి నిలబడ్డానికి కళ్ళు, చెవులు, పాదాలు, మూడూ మెదడుకి కబురు పంపిస్తుంటాయి," అంది మెరె. "డాన్సర్లు పాదాల్నీ కళ్ళనీ బాగా నమ్ముకుంటారు. ఏళ్ళ తరబడి గిరగిరా తిరిగేవాళ్ళ మెదడు, చెవి చెప్పేది కొంత పక్కన పెట్టడం నేర్చుకుంటుందని అంటారు. అందుకే ఎంత తిరిగినా మీకు కళ్ళు తిరగవు. స్పాంజి మీద పాదాలు సరిగ్గా చెప్పలేవు, కళ్ళేమో మూసుకున్నారు. ఇక మిగిలింది చెవి. ఒక చెవి ఇప్పుడు సరిగ్గా పలకడం లేదు. దాంతోనే సర్దుకోవడం మెదడు మళ్ళీ నేర్చుకోవాలి. నేర్చుకుంటుంది. రోజూ చెయ్యాలంతే."

మెరె ఎక్సర్‌సైజులు రాసిచ్చిన కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది రాజశ్రీ. ఇంటికొచ్చాక తియ్యలేదు. ముప్ఫై ఏళ్ళకి పైగా పళ్ళెం మీద నిలబడిన మనిషిని, స్పాంజి ముక్క మీద నిలబడలేకపోయానని మొగుడికి కూడా చెప్పలేదు. రెండో అపాయింట్‌మెంట్‌కి వెళ్ళలేదు.

క్లాసు మాత్రం మళ్ళీ మొదలుపెట్టింది. తలిదండ్రులకి మోకాలి నొప్పి అని చెప్పింది. కుర్చీలో కూర్చుని కర్రతో తాళం వేస్తూ చెప్పేది. ఇబ్బందంతా శరణ్యతోనే వచ్చింది. ఇన్నేళ్ళూ రాజశ్రీ చెప్పిన పద్ధతి ఒకటే. "ఇదిగో, ఇలా," అని చేసి చూపించడం. ఇప్పుడు చేసి చూపించే వీల్లేదు. పళ్ళెం మీద బరువు ఏ కాలి మీద నుంచి ఏ కాలి మీదికి ఎప్పుడు మారుతుందో మాటల్లో చెప్పబోతే మాట దొరికేది కాదు. "గట్టిగా నిలబడు, కదలకు," అనేది. ఆ పిల్ల ఒళ్ళంతా బిగబట్టుకుని ఎక్కేది, పళ్ళెం చప్పుడు చేసుకుంటూ తిరగబడేది.

జులై రెండో శనివారం శరణ్య తిన్నగా ఆరడుగులు జరిగింది. ఏడో అడుగుకి పళ్ళెం పక్కకి జారింది. మామూలుగా అయితే టీచరు పక్కనే, చెయ్యి చాచి నిలబడాలి. రాజశ్రీ కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచింది, తల అంత వేగంగా తిరిగేసరికి నేల కింద నుంచి ఎవరో లాగేసినట్టయి, ఆవిడే ముందుకి పడింది. శరణ్య ఆవిడని తప్పించుకోబోయి కుడిచెయ్యి నేలకి ఊనింది. మణికట్టులో సన్నటి బీట. ఆరు వారాలు కట్టు.

క్లినిక్‌లో ప్రమాద బీమాకి ఏసీసీ ఫారం నింపుతూ, ప్రమాదం ఎలా జరిగిందని అడిగారు. శరణ్య తల్లి నవీన, "డాన్స్ చేస్తుంటే జారింది," అని చెప్పింది. రాజశ్రీ పక్కనే కూర్చుని ఉంది. ఆ మాట అబద్ధం కాదు. కానీ నిజం సగమే.

"నవీనా, నాది మోకాలి నొప్పి కాదు," అంది బయట కారు దగ్గర. అంతా చెప్పింది. చెవి సంగతి, స్పాంజి సంగతి, మానేసిన అపాయింట్‌మెంట్ సంగతి.

నవీనది నల్గొండ. మనసులో ఉన్నది దాచుకునే అలవాటు లేదు. "ఏందక్కా ఇది? ముందే చెప్తే నేను పక్కన నిలబడకపోతుంటినా? ఎవరో ఒకరం పట్టుకునేటోళ్ళం కదా! నీకు పాణం బాగలేదంటే మేమేమన్నా అంటమా? పిల్లని నీ చేతిల పెట్టినం కదనే!" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శరణ్యని ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అంతా విని గిరిధర్ తిట్టలేదు. బ్యాగులోంచి మెరె కాగితం తీసి, మడతలు సరిచేసి, ఫ్రిజ్‌కి మాగ్నెట్‌తో అంటించాడు. "నాక్కూడా చెప్పలేదేం రాజీ?" అని మాత్రం అడిగాడు.

"మీరు నవ్వుతారని కాదు," అంది ఆవిడ. "జాలిపడతారని."

తర్వాతి శనివారం పిల్లల తలిదండ్రుల్ని కూడా హాలుకి పిలిచింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఇద్దరు పిల్లల్ని మాన్పించారు. వాళ్ళని తప్పు పట్టడానికి ఆవిడకి ఏమీ కనిపించలేదు. మిగిలినవాళ్ళు ఉన్నారు. నవీన రాలేదు.

బ్యాలెన్స్ క్లినిక్‌లో మెరె ఆలస్యానికి కోప్పడలేదు. ఈసారి ఆవిణ్ణి ఒక నల్లటి పలక మీద నిలబెట్టింది. ఎదురుగా తెర మీద చిన్న చుక్క. ఒంటి బరువు ఎటు వాలితే చుక్క అటు జరుగుతుంది, వెనకాల గీత మిగులుతుంది. "కదలకుండా నిలబడండి," అంది. రాజశ్రీ నిలబడింది. అర నిమిషం తర్వాత తెర మీద చూస్తే పసిపిల్ల పెన్సిల్‌తో గీసిన పిచ్చి గీతల ముద్ద.

"నేను కదల్లేదే!" అంది రాజశ్రీ.

"బతికున్న మనిషెవరూ కదలకుండా నిలబడలేరు," అని నవ్వింది మెరె. "కొంచెం పడతాం, కొంచెం సర్దుకుంటాం, మళ్ళీ పడతాం. మీరు ఎంత కదలకూడదనుకుంటే గీత అంత గజిబిజిగా వస్తోంది చూడండి. ఈసారి నిలబడే సంగతి వదిలెయ్యండి. ఏదైనా చదవండి, మీకు బాగా నోటికొచ్చింది."

నోటికొచ్చింది ఏముంది? రాజశ్రీ కళ్ళు మూసుకుని గొణుగుతున్నట్టు జతి చెప్పుకుంది. తకధిమి తకఝణు, తకధిమి తకఝణు. కళ్ళు తెరిచి చూస్తే గీతల ముద్ద ఇందాకటి దానిలో సగం లేదు.

ఆ తెర వంక చూస్తుంటే ఆవిడకి తెనాలిలో తరంగం చేసిన రోజు గుర్తొచ్చింది. గురువుగారు ఆ రోజు చూసింది నీళ్ళని కాదు, మెడని. చుక్క ఒలకలేదన్న మాట నిజమే గాని, ఆ పధ్నాలుగేళ్ళ పిల్ల భయంతో ఒళ్ళంతా కట్టేసుకుని నిలబడిందని ఆయన ఒక్కడికే తెలిసింది. తను శరణ్యకి నేర్పిందీ ఆ కట్టేసుకోవడమే. "గట్టిగా నిలబడు, కదలకు." మరి ఆ పిల్ల పడక ఏం చేస్తుంది?

ఆగస్టులో ఒక శనివారం, కట్టు ఉన్న చేత్తోనే శరణ్య హాలు గుమ్మంలో కనిపించింది. బయట కారులో నవీన కూర్చుని ఉంది, దిగలేదు.

"అమ్మ స్టిల్ కొంచెం మ్యాడ్ ఆంటీ," అంది శరణ్య. "బట్ నేను ఆగను. మీకు బెటర్ అయిందా?"

"అవలేదు. నేర్చుకుంటున్నాను."

"నేనూ చేస్తా. చూపించండి."

గిరిధర్ కొనుక్కొచ్చిన స్పాంజి దిమ్మ నేల మీద పెట్టింది రాజశ్రీ. శరణ్య ధీమాగా ఎక్కింది. కళ్ళు మూసుకుని, మెరె చెప్పినట్టు తల అటూ ఇటూ తిప్పగానే తూలి కిందికి దిగింది. "వాట్!" అని అరిచింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ తూలింది. ఇద్దరూ నవ్వుకున్నారు. రాజశ్రీ ఎక్కితే శరణ్య మంచి చెయ్యి చాచి పక్కన నిలబడింది, శరణ్య ఎక్కితే రాజశ్రీ. అప్పటి నుంచి క్లాసుకి ముందు పావుగంట ఇదే పని.

ఆ పావుగంటల్లో రాజశ్రీకి ఇన్నాళ్ళూ దొరకని మాటలు దొరికాయి. తన ఒంటికి మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది గనక, ఏది ముందు కదులుతుందో, ఏది తర్వాత కదులుతుందో తెలిసొచ్చింది. "పడిపోతున్నావని చీలమండకి ముందు తెలుస్తుంది, దాన్ని సర్దుకోనివ్వు. నడుం దాకా రానివ్వకు," అనేది. "నెత్తి మీద చెంబుందని మర్చిపో, జతి చెప్పుకో," అనేది. "ఊగుతున్నావు, పర్లేదు, ఊగు," అనేది. కట్టు విప్పాక, సెప్టెంబరులో, శరణ్య మళ్ళీ పళ్ళెం ఎక్కిన రోజు నవీన కారులోంచి దిగి లోపలికొచ్చింది. పళ్ళేనికి రెండోవైపు వెళ్ళి, కూతురి పక్కన చెయ్యి చాచి నిలబడింది.

అక్టోబరు చివర టౌరంగాలో కార్యక్రమం. ఒక స్కూలు హాల్లో, మధ్యాహ్నం పూట. స్టేజీ చెక్కలు దుమ్ముకి జారుతున్నాయని గిరిధర్ ముందే వెళ్ళి తడిగుడ్డతో తుడిచొచ్చాడు. రాజశ్రీ చేత తాళాలు పట్టుకుని, జతులు చెప్పడానికి పక్కగా నట్టువాంగంలో కూర్చుంది. శరణ్య పళ్ళెం ఎక్కింది. ఎడమ నుంచి కుడికి సాఫీగా జరిగింది. వెనక్కి వచ్చేటప్పుడు, మైకు వైరు కదలకుండా అతికించిన టేపు మీద పళ్ళెం అంచు తగులుకుంది. శరణ్య కుడికాలు నేల మీద పడింది. చెంబులో నీళ్ళు తొణికి భుజం మీద ఒలికాయి. హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు.

రాజశ్రీకి లేవాలనిపించింది. లేవలేదు. చేతిలో తాళాలు ఆపలేదు, జతి తప్పనివ్వలేదు. శరణ్య తాళం ఒక ఆవర్తనం తిరిగేదాకా అలాగే నిలబడి, మెడ వదులుగా, పెదాలు కదుపుతూ విన్నది. తాళం మళ్ళీ మొదలయ్యే సమం మీద కాలు తిరిగి పళ్ళెం అంచు మీదికి చేరింది. టేపు పక్కగా దారి చేసుకుని చివరి దాకా వెళ్ళింది.

చప్పట్లు చాలాసేపు పడ్డాయి. గ్రీన్‌రూమ్‌లో శరణ్య మాత్రం తడిసిన భుజం తుడుచుకుంటూ, "స్పిల్ అయింది ఆంటీ," అంది దిగులుగా.

"అయింది. నా మొదటిసారి ఒక్క చుక్క కూడా ఒలకలేదు తెలుసా?" అంది రాజశ్రీ. "నువ్వు నాకంటే బాగా చేశావు."

ఆ పిల్ల నమ్మనట్టు చూసింది. ఆ మాట అర్థం కావడానికి టైమ్ పడుతుందని రాజశ్రీకి తెలుసు.

సాయంత్రం ఆక్లండ్ బయల్దేరే ముందు అందరూ సముద్రం దగ్గర ఆగారు. ఇంకా ఎండ ఉంది. శరణ్య చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళ వైపు పరుగెత్తింది. గిరిధర్ పార్కింగ్ దగ్గర చిప్స్ కొనడానికి ఆగాడు. నవీన, రాజశ్రీ ఇసుక అంచున నిలబడ్డారు.

"నువ్వింక పళ్ళెం ఎక్కవా అక్కా?" అంది నవీన.

"ఎక్కాను. పోయిన నెల గరాజ్‌లో. ఆయన రెండు చేతులూ పట్టుకుంటే నాలుగడుగులు జరిగాను."

"మరి చెప్పనే లేదు!"

"చెప్పుకునేంత ఏముంది? దిగిపోయాను." రాజశ్రీ నీళ్ళ దగ్గరున్న శరణ్యని చూపించింది. "ఇంకో ఏడాది కష్టపడితే ఒంటరిగా ఎక్కగలనేమో. మెరె కూడా అదే అంటోంది. ఎక్కాలని లేదు నవీనా. బాధపడి అనడం లేదు. వచ్చే ఏడాది ఎక్కాల్సిన పిల్లలు ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళ పక్కన నిలబడే చెయ్యి నాది కావాలి. ముందు ఆ చెయ్యి నమ్మకంగా ఉండాలి కదా."

దూరం నుంచి శరణ్య రమ్మని చేతులూపుతోంది. ముందున్న ఇసుక పొడిగా, లోతుగా ఉంది. పెట్టిన పాదం పెట్టినట్టే కూరుకుపోయే రకం. రాజశ్రీ చెప్పులు విప్పింది. ఒకడుగు వేసి ఆగింది.

"ఇక్కడ నాకు కొంచెం కష్టం," అంది. "చెయ్యివ్వు."

నవీన మోచెయ్యి అందించింది. ఇద్దరూ తూలుకుంటూ, ఒకరినొకరు సర్దుకుంటూ, తడి ఇసుక వైపు నడిచారు.